ఇద్దరే ఇద్దరు, డ్రమ్స్ లేవు: ‘జాస్మిన్’ ఆల్బమ్ ఎలా వినాలి?

(ఎపిసోడ్ ట్రాన్స్‌క్రిప్ట్. మాట్లాడిన మాటల్ని చదవడానికి వీలుగా అక్కడక్కడ సర్దాం.)

ఈరోజు ఎపిసోడ్ కొంచెం నెమ్మదిగా నడుస్తుంది, ముందే చెప్పేస్తున్నా. బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ కూడా పెట్టట్లేదు. ఎందుకో వింటూ ఉంటే మీకే తెలుస్తుంది.

ముందు ఒక చిన్న పని చేయండి. ఇయర్‌ఫోన్స్ ఎక్కడున్నాయో చూసి తెచ్చుకోండి. ఇప్పుడే పెట్టుకోవద్దు, పక్కన ఉంటే చాలు. వాటితో పనుంది.

ఈరోజు మాట్లాడుకునేది ఒక జాజ్ ఆల్బమ్ గురించి. పేరు ‘జాస్మిన్’, అంటే మల్లె. వాయించింది ఇద్దరే. పియానో మీద కీత్ జారెట్, డబుల్ బేస్ మీద చార్లీ హేడెన్. ఎనిమిది పాటలు, మొత్తం గంట పైచిలుకు. డ్రమ్స్ లేవు, గిటార్ లేదు, సాక్సోఫోన్ లేదు, పాడేవాళ్లు లేరు. 2007 మార్చిలో అమెరికాలోని న్యూజెర్సీలో, జారెట్ సొంతింటి స్టూడియోలో నాలుగు రోజుల్లో రికార్డ్ చేశారు. 2010లో జర్మనీకి చెందిన ఈసీఎం కంపెనీ విడుదల చేసింది.

“జాజ్ మనకెందుకు బ్రో” అనుకుంటున్నారు కదా? నేనూ అలాగే అనుకున్నా. మొదటిసారి దీన్ని హైదరాబాద్‌లో రూమ్‌లో ఫోన్ స్పీకర్ మీద పెట్టి, ఒక పక్క మ్యాగీ చేసుకుంటూ విన్నా. నిజం చెప్తున్నా, ఏమీ అనిపించలేదు. పెద్ద హోటల్‌కి వెళ్తే లాబీలో ఎవరూ పట్టించుకోని మ్యూజిక్ ఒకటి వస్తుంటుంది చూడండి, అలా అనిపించింది. రెండో పాటకే ఆపేశా.

కొన్ని నెలల తర్వాత ఒక రాత్రి కరెంట్ పోయింది. ఫ్యాన్ లేదు, నిద్ర లేదు. ఫోన్‌లో డౌన్‌లోడ్ అయి ఉన్నది ఇదొక్కటే. ఈసారి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నా. మొదటి నిమిషంలోనే లేచి కూర్చున్నా. ఎందుకంటే, ఆ ఆల్బమ్‌లో రెండో మనిషి ఉన్నాడని అప్పటిదాకా నాకు తెలీదు!

ఫోన్ స్పీకర్ చేసే మోసం

ఇది అతిశయోక్తి కాదండీ, మామూలు ఫిజిక్సే. చెప్తా చూడండి.

డబుల్ బేస్ అంటే మనిషంత ఎత్తుండే వాయిద్యం. చూడ్డానికి పెద్ద వయొలిన్‌లా ఉంటుంది. నిలబడి, పక్క నుంచి చెయ్యేసి, జాజ్‌లో ఎక్కువగా వేళ్లతో మీటుతారు. నాలుగు తీగలు. వాటి శ్రుతి కింది నుంచి పైకి సుమారు 41, 55, 73, 98 హెర్ట్జ్. అంటే సెకనుకి అన్నిసార్లు కంపిస్తుందన్నమాట. ఫోన్‌లో ఉండే స్పీకర్ మన వేలి గోరుకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అంత చిన్నది అంత లావు గాలిని కదపలేదు. రెండు మూడు వందల హెర్ట్జ్ కిందకి వెళ్లేకొద్దీ దాని గొంతు పడిపోతుంది. ఇక 41 అంటే ఏం వినిపిస్తుంది చెప్పండి?

మరి ఫోన్‌లో బేస్ అస్సలు వినపడదా అంటే, కొంచెం వినపడినట్టే ఉంటుంది. అక్కడ మన మెదడు ఒక తమాషా చేస్తుంది. 41 హెర్ట్జ్ తీగ మోగినప్పుడు దాంతో పాటే 82, 123, 164 ఇలా పై స్థాయి కంపనాలు కూడా పుడతాయి. ఇంకా పైవి స్పీకర్‌లోంచి కాస్తోకూస్తో బయటికొస్తాయి. వాటిని విని మెదడు “ఓహో, కింద అసలు స్వరం ఇదై ఉంటుంది” అని లెక్కేసి నింపేసుకుంటుంది. అంటే మనం వింటున్నది బేస్ కాదు, బేస్ గురించి మన మెదడు వేసిన అంచనా.

సినిమా పాటలో అయితే ఆ లోటు పెద్దగా తెలీదు. పైన గొంతు ఉంటుంది, డ్రమ్స్ ఉంటాయి, స్ట్రింగ్స్ ఉంటాయి. ఇళయరాజా గారి పాటల్లో బేస్ గిటార్ మీద ఎంత అందమైన పని ఉంటుందో మంచి హెడ్‌ఫోన్స్‌లో విన్నవాళ్లకి తెలుసు. అది వినపడకపోయినా పాట మనకి చేరుతుంది. కానీ ఉన్నదే ఇద్దరైనప్పుడు, ఒకడు వినపడకపోతే ఏమవుతుంది? ఫోన్‌లో ఒకవైపు మాటలే వింటున్నట్టు ఉంటుంది. అవతలి మనిషి ఏమన్నాడో తెలీకుండా ఇవతల “ఊఁ… అవునా… సరే” అనేవి మాత్రమే వింటే ఎంత బోరు? నేను మ్యాగీ చేసుకుంటూ విన్నది అదే.

కాబట్టి మొదటి మాట. ‘జాస్మిన్’ని ఫోన్ స్పీకర్ మీద వినొద్దు. ఖరీదైన హెడ్‌సెట్ అక్కర్లేదు, చెవిలో గట్టిగా కూర్చునే మామూలు ఇయర్‌ఫోన్స్ చాలు. వదులుగా ఉంటే బేస్ అంతా పక్కకి కారిపోతుంది. ఇంకోటి, యాప్‌లో ‘బేస్ బూస్ట్’ ఆన్ చేసి ఉంటే ఆపేయండి. ఇందులో బేస్ అదరగొట్టడానికి లేదు, మాట్లాడటానికి ఉంది.

ఎవరీ ఇద్దరు?

ముందు చార్లీ హేడెన్. 1937లో అయోవా రాష్ట్రంలోని షెనండోవా అనే చిన్న ఊళ్లో పుట్టాడు. వాళ్లది పాటల కుటుంబం. అమ్మా నాన్నా పిల్లలూ కలిసి రేడియోలో పల్లె పాటలు పాడేవాళ్లు. ఈయన రెండేళ్లు కూడా నిండకుండానే ఆ రేడియో షోలో పాడటం మొదలుపెట్టాడు. ‘కౌబాయ్ చార్లీ’ అని పేరు. అంటే మాటలూ పాటలూ ఒకేసారి వచ్చాయన్నమాట!

పదిహేనేళ్ల వయసులో పోలియో వచ్చింది. మనకి పోలియో అంటే కాళ్లే గుర్తొస్తాయి. ఈయనకి అది గొంతునీ ముఖం కండరాల్నీ దెబ్బ తీసింది. ప్రాణం నిలిచింది గానీ పాడే గొంతు పోయింది. పుట్టినప్పటి నుంచీ పాడుతున్న పిల్లాడికి పదిహేనేళ్లకి పాట ఆగిపోయింది. ఆ తర్వాతే ఆయన బేస్ వైపు పూర్తిగా మళ్లాడు.

ఈ సంగతి తెలిశాక హేడెన్ బేస్ వింటే వేరేలా ఉంటుంది. ఆయన వేగంగా వాయించడు. చాలామంది బేసిస్ట్‌లు సోలో రాగానే వేళ్ల సత్తా చూపిస్తారు. ఈయన ఒక స్వరం మీటి, అది తనంతట తాను సన్నగిల్లేదాకా ఆగి, అప్పుడు రెండోది మీటుతాడు. ఊపిరి తీసుకుని పాడే మనిషిలా. 1959లో ఆర్నెట్ కోల్‌మన్‌తో కలిసి ‘ద షేప్ ఆఫ్ జాజ్ టు కమ్’ అనే రికార్డులో వాయించి జాజ్ దారినే మార్చినవాళ్లలో ఒకడు. అంత తిరుగుబాటు సంగీతంలో కూడా ఈయన బేస్ పల్లె పాటలాగే ఉంటుంది.

మీకు తెలిసిన లింక్ ఒకటి చెప్పనా? ‘కుంగ్ ఫు పాండా’లో పాండాకి గొంతిచ్చిన జాక్ బ్లాక్ ఉన్నాడు కదా, హేడెన్‌కి అల్లుడు. ఆయన కూతురు టాన్యా భర్త. 2008లో హేడెన్ తన కుటుంబంతో కలిసి చేసిన ‘రాంబ్లింగ్ బాయ్’ ఆల్బమ్‌లో ఈ అల్లుడు గారూ ఒక పాట పాడాడు.

ఇక కీత్ జారెట్. 1945లో పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్‌లో పుట్టాడు. 1975 జనవరిలో జర్మనీలోని కొలోన్ నగరంలో, ముందుగా ఏమీ రాసుకోకుండా, బాగోలేని పియానో మీద ఒంటరిగా వాయించిన కచేరీ ‘ద కొలోన్ కాన్సర్ట్’గా వచ్చి లక్షల్లో అమ్ముడుపోయింది. జారెట్‌కి నిశ్శబ్దం అంటే ఎంత పట్టింపంటే, హాల్లో ఎవరైనా దగ్గితే వాయించడం ఆపేసేవాడు. 2007 జులైలో, అంటే మనం మాట్లాడుకుంటున్న రికార్డింగ్ అయిన నాలుగు నెలలకి, ఇటలీలోని పెరూజాలో ఫోటోలు తీస్తున్నారని స్టేజీ మీదే ప్రేక్షకుల్ని తిట్టాడు. ఆ ఫెస్టివల్ వాళ్లకి ఒళ్లు మండి, కొన్నేళ్లు ఆయన్ని పిలవలేదు. నేను ఆయన్ని సమర్థించట్లేదు. ఎలాంటి మనిషో చెప్తున్నా, అంతే.

ఈయనకీ ఒక దెబ్బ తగిలింది. 1996 చివర్లో క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అనే జబ్బు చేసింది. మామూలు నీరసం కాదు, పియానో ముందు కూర్చోవడానికి కూడా ఒంట్లో శక్తి లేని పరిస్థితి. మెల్లగా కోలుకుంటూ, ఇంట్లోనే కాసేపు కాసేపు వాయిస్తూ, పాత ప్రేమ పాటల్ని ఎలాంటి హంగూ లేకుండా రికార్డ్ చేశాడు. అది 1999లో ‘ద మెలొడీ ఎట్ నైట్, విత్ యూ’గా వచ్చింది. శక్తి లేనప్పుడు అనవసరమైన స్వరం ఒక్కటి కూడా వాయించలేం కదా. ఆ పొదుపు ఆయన చేతికి అలవాటైంది. ‘జాస్మిన్’కి బీజం అక్కడే పడిందని నాకనిపిస్తుంది.

ఈ ఇద్దరూ 1960ల్లో, 70ల్లో కలిసి వాయించినవాళ్లే. మొదట పాల్ మోషియన్ డ్రమ్స్‌తో ట్రయో, తర్వాత డ్యూయీ రెడ్‌మన్ సాక్సోఫోన్ కూడా చేరి క్వార్టెట్. 1976లో ఆ జట్టు ఆగిపోయింది. తర్వాత సుమారు ముప్ఫై ఏళ్లు ఎవరి దారి వాళ్లది. హేడెన్ జీవితం మీద ఒక డాక్యుమెంటరీ తీస్తూ, ఆ సందర్భంగా జారెట్‌ని కలిశారు. అప్పుడు ఇద్దరూ కాసేపు వాయించారు. ఆ కాసేపే ఈ నాలుగు రోజులకి దారి తీసింది.

డ్రమ్మర్ లేకపోతే తాళం ఎవరిది?

మన కచేరీలో అయితే ఆలాపనకి తాళం ఉండదు, కీర్తన మొదలవగానే మృదంగం అందుకుంటుంది. తాళం ఎవరి చేతిలో ఉందో మనకి కనపడుతుంది. జాజ్‌లో ఆ పని డ్రమ్మర్‌ది, బేసిస్ట్‌ది. ‘జాస్మిన్’లో డ్రమ్మర్ లేడు. అలాగని ఇది ఆలాపన కాదు. పాటలకి లెక్క ఉంది, నడక ఉంది. మరి ఎవరు మోస్తున్నారు?

ఇద్దరూ మోస్తున్నారు. అసలు కష్టం అదే. డ్రమ్మర్ ఉంటే ఒకళ్లు కాస్త తడబడినా ఆ చప్పుడులో కలిసిపోతుంది. ఇక్కడ ఒక్క స్వరం ఆలస్యమైతే తెలిసిపోతుంది. రెండో మనిషి దాన్ని విని, ఆ ఆలస్యం తప్పు కాదు, కావాలని తీసుకున్న ఊపిరి అనిపించేలా తను కూడా ఆగాలి. కంటితో చూసి చేసేంత టైమ్ ఉండదు. చెవితోనే జరగాలి.

‘నో మూన్ ఎట్ ఆల్’ అనే మూడో పాట వినండి. ఇందులో కొంచెం హుషారు ఉంటుంది. బేస్ అడుగులేసినట్టు నడుస్తుంది. దాన్ని వాకింగ్ బేస్ అంటారు, ఒక్కో మాత్రకి ఒక్కో స్వరం. పియానో దాని మీద ఆడుకుంటుంది. కాలితో తాళం వేస్తూ వినండి. డ్రమ్స్ లేవన్న సంగతి మర్చిపోతారు. తర్వాత మొదటి పాట ‘ఫర్ ఆల్ వి నో’కి వెళ్లండి. అక్కడ తాళం అలా వినపడదు. మీ కాలు ఆడించినా ఆగిపోతుంది. కానీ ఆ ఇద్దరి లోపల నడుస్తూనే ఉంటుంది.

ఎడమ చెయ్యి

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నా. ఇది చెప్పాలంటే నా కథ కొంచెం చెప్పాలి.

ఇంజనీరింగ్‌లో ఉండగా విజయవాడలో మాకొక బ్యాండ్ ఉండేది. నేను కీబోర్డ్. నాకు రెండు చేతులూ బాగా వచ్చు, ఆ సంగతి ప్రపంచానికి తెలియాలి అనేది నా బాధ. కుడి చేత్తో ట్యూన్, ఎడమ చేత్తో కింద ధనధన అని ఆక్టేవ్‌లు. మా బేస్ గిటారిస్ట్ నెమ్మదస్తుడు. ప్రాక్టీస్‌లో ఒకట్రెండు సార్లు “మావా, ఆ ఎడమ చెయ్యి కొంచెం తగ్గించరా, నేనేం వాయిస్తున్నానో నాకే వినపడట్లేదు” అన్నాడు. “నువ్వే వాల్యూమ్ పెంచుకో రా” అన్నా. ఫైనలియర్ ఫెస్ట్‌లో కూడా అలాగే వాయించా. స్టేజీ దిగాక వాడు ఏమీ అనలేదు. గిటార్ బ్యాగ్‌లో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ప్రాక్టీస్‌కి రాలేదు. నేను ఫోన్ చేయలేదు. వాడే చేస్తాడులే అనుకున్నా. అలా ఐదేళ్లు అయిపోయింది.

కరెంట్ పోయిన ఆ రాత్రి నేను లేచి కూర్చున్నది ఇందుకే. పియానోకి 88 మెట్లు. మధ్యలో ఉండే ‘సి’ సుమారు 262 హెర్ట్జ్. దానికి ఎడమ పక్కన ఉన్నదంతా బేస్ తిరిగే చోటే. అంటే పియానిస్ట్ ఎడమ చెయ్యి, బేసిస్ట్ రెండు చేతులు, ఇవన్నీ ఒకే గదిలో ఉన్నాయన్నమాట. ఒంటరిగా వాయించేటప్పుడు ఆ గది మొత్తం పియానోదే. పక్కన బేస్ ఉన్నప్పుడు కూడా అలాగే వాయిస్తే రెండూ కలిసి బురద అయిపోతుంది. బేస్ మోగుతూనే ఉంటుంది, వినపడదు.

కీత్ జారెట్ ఎడమ చెయ్యి మామూలుది కాదండీ. కొలోన్ కచేరీ వినండి, ఒకే ఆవృత్తాన్ని నిమిషాల తరబడి నడిపిస్తూ ఒక ఆర్కెస్ట్రాలా మోగిస్తుంది. అలాంటి చెయ్యిని ‘జాస్మిన్’లో ఆయన ఎంత తగ్గించి వాయించాడో వినండి. అక్కడక్కడ రెండు స్వరాలు, ఒక చిన్న కార్డ్, తర్వాత ఖాళీ. కింద ఉన్న గదిని హేడెన్‌కి వదిలేశాడు. హేడెన్ కూడా ఆ గదిని సామాన్లతో నింపెయ్యలేదు. ఒక్కో స్వరం జాగ్రత్తగా తెచ్చి పెట్టాడు.

బేస్ సోలో వచ్చినప్పుడు చూడండి. పియానో దాదాపు కనుమరుగవుతుంది. పూర్తిగా ఆగిపోదు. మనం ఎవరికైనా మనసులో మాట చెప్పుకుంటుంటే అవతలివాళ్లు “ఊఁ” కొడతారు కదా, ఆ మాత్రం ఉంటుంది. ఆ ఊఁ లేకపోతే చెప్పేవాళ్లకి మాట సాగదు, ఎక్కువైతే మాట తెగుతుంది. ఎంత ఉండాలో అంతే ఉండటం ఎంత కష్టమో నాకు ఐదేళ్లు ఆలస్యంగా తెలిసింది.

బాడీ అండ్ సోల్: మూడు తరాల పాట

ఇందులో ఉన్నవి కొత్త పాటలు కావు. ఎప్పటివో పాత పాటలు. జాజ్‌లో వాటిని స్టాండర్డ్స్ అంటారు. మన కృతుల్లాగే అందరికీ తెలిసినవి, ఎవరి పద్ధతిలో వాళ్లు విస్తరిస్తారు. వీటిలో ఆరో పాట ‘బాడీ అండ్ సోల్’. 1930 నాటిది. జాజ్‌లో దీన్ని వాయించనివాళ్లు దాదాపు లేరు. 1939లో కోల్‌మన్ హాకిన్స్ సాక్సోఫోన్ మీద వాయించిన రికార్డింగ్ ఒక పాఠం లాంటిది.

కట్టడం సులభం. ఎనిమిది బార్ల పల్లవి, మళ్లీ అదే పల్లవి, తర్వాత ఎనిమిది బార్ల వేరే ముక్క, మళ్లీ పల్లవి. మొత్తం 32. ఆ మధ్య ముక్కని బ్రిడ్జ్ అంటారు. ఈ పాట బ్రిడ్జ్‌లో శ్రుతి ఒక్కసారిగా మారిపోతుంది. తెలిసిన వీధిలో నడుస్తూ తెలీని సందులోకి తిరిగినట్టుంటుంది. తిరిగి పల్లవికి వచ్చినప్పుడు ఇల్లు చేరినట్టుంటుంది. జారెట్, హేడెన్ దీన్ని సుమారు పదకొండు నిమిషాలు వాయించారు. ఒక్కసారైనా వేళ్ల మీద 32 లెక్కపెట్టుకుంటూ వినండి. వాళ్లు పాటకి ఎంత దూరం వెళ్లినా లెక్క తప్పరు.

ఇంకో ముచ్చట. పియానో, బేస్ ఇద్దరే కలిసి వాయించడం అనే సంప్రదాయానికి మొదటి మైలురాయి డ్యూక్ ఎల్లింగ్‌టన్, జిమ్మీ బ్లాంటన్ వేశారు. 1939లో, 1940లో చేసిన కొన్ని రికార్డులు. అంతకుముందు బేస్ అంటే ఎక్కువగా వెనక నిలబడి తాళం మోసే పని. ఎల్లింగ్‌టన్ అప్పటికే పెద్ద బ్యాండ్ నడిపే పేరున్న మనిషి. బ్లాంటన్‌కి ఇరవై రెండేళ్లు కూడా లేవు. అంత పెద్దాయన ఆ కుర్రాణ్ని తనతో సమానంగా ముందు నిలబెట్టాడు. 1940లో వాళ్లు వాయించిన పాటల్లో ఒకటి ఏంటో తెలుసా? ఈ ‘బాడీ అండ్ సోలే’.

బ్లాంటన్ 1942లో క్షయతో చనిపోయాడు. ఇరవై మూడేళ్లు. ముప్ఫై ఏళ్ల తర్వాత, 1972 డిసెంబర్‌లో, ఎల్లింగ్‌టన్ రే బ్రౌన్ అనే గొప్ప బేసిస్ట్‌తో మళ్లీ ఇద్దరే కూర్చుని ఒక ఆల్బమ్ చేశాడు. దాని పేరు ‘దిస్ వన్స్ ఫర్ బ్లాంటన్’, అంటే ఇది బ్లాంటన్ కోసం అని. అప్పటికి ఎల్లింగ్‌టన్‌కి డెబ్భై మూడు. ఆ తర్వాత ఏడాదిన్నరకి ఆయనా పోయాడు. ‘జాస్మిన్’ నచ్చితే తర్వాత దాన్ని వినండి. అందులో ఎల్లింగ్‌టన్ ఎన్ని చోట్ల ఆగుతాడో, ఆ ఆగిన చోట్ల బేస్ ఏం చేస్తుందో గమనించండి.

ఎలా వినాలి?

ఓకే, ఇప్పుడు ఇయర్‌ఫోన్స్ తీసుకోండి. నా పద్ధతి చెప్తా. ఒకే పాటని మూడుసార్లు వినాలి. ‘వేర్ కెన్ ఐ గో వితౌట్ యూ’ అనే రెండో పాట తీసుకోండి.

మొదటిసారి ఊరికే వినండి. పియానో ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి వెళ్లండి.

రెండోసారి బేస్ మాత్రమే వినండి. కష్టంగానే ఉంటుంది, చెవి మాటిమాటికీ పియానో వైపు జారిపోతుంది. జారిపోయినప్పుడల్లా మళ్లీ కిందకి తెచ్చుకోండి. వాల్యూమ్ పెంచొద్దు. పెంచితే పియానో కూడా పెరుగుతుంది, లాభం లేదు. దృష్టి కిందకి పెట్టాలి, అంతే. వేళ్లు తీగని వదిలే చిన్న చప్పుడు వినపడిందంటే మీరు సరైన చోటికి వచ్చేసినట్టే.

మూడోసారి ఇద్దరినీ కాకుండా, ఇద్దరి మధ్య ఖాళీని వినండి. ఒకళ్లు ఆపిన చోట రెండోవాళ్లు వెంటనే దూకుతున్నారా, కాసేపు ఆగుతున్నారా? మీకే తెలుస్తుంది. ఇది వచ్చాక మామూలు సినిమా పాట కూడా మీకు ఇంకోలా వినపడుతుంది, నాది గ్యారంటీ.

టైమ్ రాత్రి అయితే మంచిది. మల్లెలు కూడా సాయంత్రం దాటాకే కదా విచ్చుకునేది. నోటిఫికేషన్లు ఆఫ్ చేయండి. పది నిమిషాల పాటలో మధ్యలో ఒక్క ‘టింగ్’ వచ్చిందంటే అంతా పోతుంది. అప్పుడు జారెట్‌కి ఎందుకంత కోపం వచ్చేదో మనకీ కొంచెం అర్థమవుతుంది.

తర్వాత ఏమైంది?

ఆ నాలుగు రోజుల్లో వాయించిన వాటిలో మిగిలిన పాటలతో 2014 జూన్‌లో ‘లాస్ట్ డాన్స్’ అనే రెండో ఆల్బమ్ వచ్చింది. అంటే చివరి నాట్యం. అప్పటికి హేడెన్ బాగా జబ్బుతో ఉన్నాడు. పదిహేనేళ్లప్పుడు వచ్చిన పోలియో ముసలితనంలో మళ్లీ వేరే రూపంలో తిరగబెట్టింది. ఆల్బమ్ వచ్చిన కొన్ని వారాలకే, 2014 జులై 11న కన్నుమూశాడు.

2018లో జారెట్‌కి రెండుసార్లు పక్షవాతం వచ్చింది, ఒకటి ఫిబ్రవరిలో, ఒకటి మేలో. 2020లో ఆయనే బయటికి చెప్పేదాకా ప్రపంచానికి తెలీదు. ఎడమ పక్క దెబ్బ తింది. ఎడమ చెయ్యి మళ్లీ పియానో వాయించే స్థితికి రాలేదు.

ఇది మొదటిసారి చదివినప్పుడు చాలాసేపు ఏమీ చేయలేకపోయా. స్నేహితుడికి చోటివ్వడం కోసం తగ్గించుకున్న చెయ్యి అదే. ఇప్పుడు ఆ చెయ్యీ లేదు, ఆ స్నేహితుడూ లేడు. కానీ ఆ ఆల్బమ్‌లో ఎడమ చెయ్యి ఊరుకున్న ప్రతి చోటా హేడెన్ ఇంకా వాయిస్తూనే ఉన్నాడు. ఆ చోటు అప్పుడు వదలకపోయుంటే ఈరోజు మనకి వినపడేది కాదు.

‘జాస్మిన్’లో ఏడో పాట పేరు ‘గుడ్‌బై’. ఒకప్పుడు బెన్నీ గుడ్‌మన్ బ్యాండ్ కచేరీ ముగించేటప్పుడు వాయించే పాట. దాంతో ఆల్బమ్ అయిపోవచ్చు. కానీ దాని తర్వాత ఇంకొక చిన్న పాట ఉంది, మూడు నిమిషాల పైచిలుకు. దాని పేరు ‘డోంట్ ఎవర్ లీవ్ మీ’. వెళ్లొస్తానని చెప్పేసి, గుమ్మం దగ్గర మళ్లీ మాటల్లో పడతాం చూడండి, అచ్చం అలాగే.

అన్నట్టు, మా బేసిస్ట్. పోయిన నెల ఫోన్ చేశా. ఏం మాట్లాడాలో తెలీక “ఏరా, బాగున్నావా” అన్నా. “బాగున్నా మావా, నువ్వు?” అన్నాడు. ఏమీ జరగనట్టే. ఇప్పుడు వైజాగ్‌లో ఉద్యోగం, ఒక పాప. గిటార్ ఇంకా ఉందా అని అడిగితే, ఉంది కానీ తీగలు మార్చాలి అన్నాడు. నేను ‘జాస్మిన్’ లింక్ పంపించా. “ఇయర్‌ఫోన్స్ పెట్టుకునే విను, రెండోసారి బేస్ ఒక్కటే విను” అని మెసేజ్ పెట్టా. రెండ్రోజులకి రిప్లై వచ్చింది. “ఆ పియానో ఆయన భలే సైలెంట్‌గా ఉన్నాడు రా.”

అంతే పెట్టాడు. ఎవరి గురించి అన్నాడో నాకు అర్థమైంది.

సంక్రాంతికి కలుద్దాం అనుకున్నాం. నేను చిన్న కీబోర్డ్ తెస్తానన్నా. ఎడమ చేత్తో ఏం చేయాలో అక్కడికెళ్లాక వాడు వాయించేది విని చూసుకుంటా.

సరే అండీ, ఈరోజుకి ఇంతే. ఇయర్‌ఫోన్స్ చేతిలోనే ఉన్నాయి కాబట్టి వేరే వీడియోలోకి వెళ్లిపోకుండా ముందు ఆ రెండో పాట వినేసి రండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.